నేను పని నేర్పిన కుర్రాడికి నాకంటే ఎక్కువ జీతం. ఇప్పుడేం చేయాలి?

రాత్రి_కాఫీ | సోమవారం, రాత్రి 11:42

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నాది తొమ్మిదేళ్ల అనుభవం, ఇప్పుడున్న కంపెనీలో ఆరేళ్లు. మూడేళ్ల కిందట మా టీమ్‌లోకి ఒక కుర్రాడు వచ్చాడు. మంచివాడు, చెప్పింది వింటాడు. ఆటోమేషన్ స్క్రిప్టులు రాయడం దగ్గర్నుంచి క్లయింట్ కాల్‌లో ఎప్పుడు నోరు మూసుకోవాలో దాకా అన్నీ నేనే నేర్పాను. సాయంత్రం నా కాగితాల కోసం ప్రింటర్ దగ్గరికి వెళ్తే ట్రేలో వాటి మీద వేరేవాళ్ల షీట్ ఒకటి ఉంది. తిప్పి చూస్తే మా టీమ్ పేర్లు, పక్కనే జీతాలు. చూడకూడదని తెలుసు. చూశాను. అతనికి నాకంటే 18 శాతం ఎక్కువ. ఇద్దరిదీ ఒకటే గ్రేడు, ఒకటే డిజిగ్నేషన్. షీట్ బోర్లా పెట్టి వచ్చేశాను, నా కాగితాలు తెచ్చుకోవడం కూడా మర్చిపోయాను.

అతని మీద కోపం లేదు. ఎవరి మీద కోపమో కూడా తెలియడం లేదు. ఆడదాన్నని తగ్గించారా, లేక నాకే చేతకాలేదా? మీకెవరికైనా ఇలా జరిగిందా?

సూటిగా | రాత్రి 11:58

ఇందులోకి ఆడామగా ఎందుకు తెస్తున్నారండీ. అతను అడిగి ఉంటాడు, మీరు అడిగి ఉండరు, అంతే. నేను మూడు కంపెనీలు మారాను, మూడుసార్లూ బేరమాడాను. అడగని వాడికి ఎవడూ పిలిచి ఇవ్వడు, మగాడైనా సరే.

రాత్రి_కాఫీ | రాత్రి 12:04

రెండుసార్లు అడిగాను. రెండోసారి మొన్న అప్రైజల్‌లోనే. "ఈసారి బడ్జెట్ టైట్‌గా ఉంది, నీ సంగతి నా మనసులో ఉంది" అన్నారు. ఇంకా మనసులోనే ఉంది.

లెక్క_తేలాలి | మంగళవారం, ఉదయం 7:15

సూటిగా గారూ, ఆడవాళ్లు అడగరు అన్నది నేనూ నమ్మేవాణ్ణి. ఆస్ట్రేలియాలో నాలుగున్నర వేలకు పైగా ఉద్యోగుల సర్వే మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. ఒకేలాంటి పరిస్థితుల్లో ఉన్న ఆడవాళ్లూ మగవాళ్లూ దాదాపు సమానంగానే అడుగుతున్నారని తేలింది. తేడా అంతా తర్వాతి మెట్టులో ఉంది. అడిగినప్పుడు మగవాళ్లకు 20 శాతం సార్లు దొరికింది, ఆడవాళ్లకు 15 శాతం సార్లు.

అలాగని రాత్రి_కాఫీ గారిది వివక్షే అని కూడా ఇప్పుడే తేల్చను. ప్రపంచం మొత్తం మీద ఆడవాళ్లు సగటున 20 శాతం దాకా తక్కువ సంపాదిస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతుంది. దీన్ని పట్టుకుని "ఒకే కుర్చీలో ఒకే పనికి 20 శాతం కోత" అని పోస్టర్లు వేస్తారు, అక్కడే నాకు చిరాకు. అది అందరి సంపాదననూ రెండు కుప్పలుగా పోసి పోల్చిన లెక్క. ఒక కుప్పలో పైలట్లూ సర్జన్లూ ఎక్కువ, ఇంకో కుప్పలో ఆయాలూ ప్రైమరీ టీచర్లూ ఎక్కువ. ఉద్యోగం, గంటలు, అనుభవం సమానం చేసి చూస్తే తేడా బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు, కానీ తగ్గుతుంది.

సూటిగా | ఉదయం 7:31

అదే నేను చెప్పేది. సమానం చేసి చూస్తే పెద్దగా ఏమీ లేదు.

సూదిమందు | ఉదయం 9:50

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. "సమానం చేసి చూస్తే" అని ఎంత తేలిగ్గా అనేశారు! అసలు సంగతి ఆ సమానం చేయడంలోనే జారిపోతుంది. నేను నర్సుని. మా వార్డుల్లో నూటికి తొంభై మంది ఆడవాళ్లమే. నాతోపాటే చేరిన ఒకబ్బాయి నాలుగేళ్లలో ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జ్ అయ్యాడు. బాగా పనిచేస్తాడు, కాదనను. కానీ అతని కంటే ముందు చేరినవాళ్లు, అంతే బాగా చేసేవాళ్లు, ఐదుగురు ఉన్నారు. "నువ్వు అడ్మినిస్ట్రేషన్ వైపు రారాదూ" అని అతన్ని పిలిచి మరీ అడిగారు. ఆ ఐదుగురిలో ఎవరినీ అడగలేదు. ఆడవాళ్లు ఎక్కువున్న వృత్తిలోకి వచ్చిన మగవాళ్లను ఇలా పైకి లాక్కెళ్లే పద్ధతికి సోషియాలజీలో గ్లాస్ ఎస్కలేటర్ అని పేరు కూడా పెట్టారట, 1992లోనే. ఇప్పుడు మీరొచ్చి "అతను ఇన్‌ఛార్జ్, నువ్వు స్టాఫ్ నర్సువి, హోదా సమానం చేస్తే మీ జీతాల్లో తేడా లేదు" అంటారు. ఆ హోదా ఎలా వచ్చిందో ఏ కాలమ్‌లో రాస్తారు?

మేస్త్రీ_గారబ్బాయి | మధ్యాహ్నం 1:20

సూదిమందు అక్కా, సరిగ్గా చెప్పావు. మా నాన్న తాపీమేస్త్రీ. చిన్నప్పుడు సెలవుల్లో సైట్‌కి వెళ్లేవాణ్ణి. పొద్దున్నే ఒక ఆడమనిషి, ఒక కుర్రాడు ఒకే రోజు హెల్పర్లుగా దిగారనుకోండి. ఇద్దరూ సిమెంటు కలుపుతారు, ఇటుకలు మోస్తారు. రెండు నెలలు పోయాక మేస్త్రీ కుర్రాణ్ణి పిలిచి "ఒరేయ్, ఈ వరస కాస్త నువ్వు పెట్టు" అంటాడు. వంకరగా పెడతాడు, తిట్లు తింటాడు, విప్పి మళ్లీ పెడతాడు. అలా వాడి చేతికి తాపీ వస్తుంది. ఆడమనిషిని ఎవరూ అలా తిట్టరు, ఎందుకంటే ఆమె చేతికి తాపీ ఇచ్చిందే లేదు. పదేళ్లకి వాడు మేస్త్రీ, ఆమె నెత్తిన అదే తట్ట. ఇప్పుడు కూలి అడిగితే "మేస్త్రీకి మేస్త్రీ కూలి, హెల్పర్‌కి హెల్పర్ కూలి, మేం తేడా చూపించడం లేదు" అంటారు. అబద్ధం కూడా కాదు అది.

మా నాన్నని ఒకసారి అడిగాను, ఎందుకు నేర్పవని. "నేర్చుకుంటానని ఎవరూ అడగలేదురా" అన్నాడు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

పాత_పేపర్ | మధ్యాహ్నం 2:45

ఈ "హెల్పర్", "నైపుణ్యం లేని పని" అనే ముద్రల దగ్గర ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో సీటు కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు మిషన్లు ఆపేశారు. వాళ్ల పనిని తక్కువ నైపుణ్యం గ్రేడులో పడేశారు, పైగా ఆ గ్రేడులో మగవాళ్లకిచ్చే దాంట్లో కూడా కోత. కవర్లు లేకపోతే సీట్లు లేవు, సీట్లు లేకపోతే కారు బయటికి పోదు. మొత్తం ఫ్యాక్టరీ ఆగింది. మంత్రి బార్బరా కాజిల్ కూర్చుని మాట్లాడితే మగవాళ్ల రేటులో 92 శాతానికి ఒప్పందమైంది. బ్రిటన్‌లో 1970 సమాన వేతన చట్టానికి దారితీసింది ఇదే. అందరూ ఇక్కడిదాకా చెప్పి చప్పట్లు కొడతారు. కానీ ఆ ఆడవాళ్లు అసలు అడిగింది గ్రేడు మార్చమని. అది రావడానికి ఇంకో సమ్మె చేయాల్సి వచ్చింది, 1984లో. అంటే పదహారేళ్లు!

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒప్పందంలోనే "సమాన విలువ గల పని" అని రాశారు, "ఒకే పని" అని కాదు. ఆ "విలువ" ఎవరు కడతారన్న దగ్గరే అందరూ నీళ్లు నములుతారు. కంప్యూటర్ ప్రోగ్రామింగే తీసుకోండి, 1940ల్లో ఎనియాక్ అనే యంత్రానికి ప్రోగ్రాములు తయారుచేసింది ఆరుగురు ఆడవాళ్లు. అప్పుడు దాన్ని గుమాస్తా పని లాగే చూశారు. మగవాళ్లు నిండాక ఇంజినీరింగ్ అయింది.

సూటిగా | సాయంత్రం 6:10

అందరూ నా మీద పడ్డారు సరే. ఒకటి చెప్పండి. ఉబర్‌లో డబ్బు లెక్కగట్టేటప్పుడు యాప్ ఆడా మగా చూడదు. దూరం, టైము లాంటివే చూస్తుంది. బాసు లేడు, బేరం లేదు. అమెరికాలో పది లక్షల మందికి పైగా డ్రైవర్ల లెక్కలు తీస్తే అక్కడ కూడా మగవాళ్లు గంటకి 7 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. కారణాలు మూడు: అనుభవం, ఎక్కడ నడుపుతారు, ఎంత వేగంగా నడుపుతారు. ఇందులో ఎవరు ఎవరిని తొక్కేశారు?

లెక్క_తేలాలి | సాయంత్రం 6:40

మంచి ఉదాహరణ, నేనే ఇద్దామనుకున్నాను. వివక్ష చూపే మనిషి లేకపోయినా తేడా పుడుతుందని దానితో తెలుస్తుంది. మనిషి ఉన్నచోట వివక్ష లేదని దాంతో తేలదు.

సూదిమందు | సాయంత్రం 6:52

"ఎక్కడ నడుపుతారు" అన్నదాంట్లో నేరాలు, బార్లు ఎక్కువుండే చోట్లకి మగవాళ్లు ఎక్కువ వెళ్తారని కూడా ఉంది కదా అందులో. అర్ధరాత్రి బార్ ముందు తాగినవాణ్ణి ఎక్కించుకోకపోవడం నా "ఛాయిస్" అంటారా? సరే, ఛాయిసే. డ్యూటీకి టైమైంది, రేపు మాట్లాడదాం.

ఇద్దరు_పిల్లల_నాన్న | రాత్రి 10:25

నాకు ఈ లెక్కలు అంతగా తెలియవు. జరిగింది చెప్తాను. మా పెద్దది పుట్టిన వారానికి మా బాసు క్యాబిన్‌లోకి పిలిచి స్వీట్ పెట్టి "ఇక బాధ్యతలు పెరిగాయి, నీకు ఈసారి మంచిగా చూస్తాను" అన్నారు. నిజంగానే చూశారు. అదే ఏడు మా టీమ్‌లో ఇంకో ఆవిడకి బాబు పుట్టాడు. సెలవు అయిపోయి వచ్చింది. అప్రైజల్‌లో ఆవిడకి మధ్య రేటింగ్ వేసి, "సగం ఏడాది పనే లేదు, దేనికి రేటింగ్ ఇవ్వను" అన్నారు అదే బాసు. ఆయన చెడ్డవాడు కాదు, ఆవిడ సెలవులో ఉన్నప్పుడు ఇంటికెళ్లి చూసొచ్చారు కూడా. బాధ్యతలు నాకు పెరిగితే జీతం పెరిగింది, ఆవిడకి పెరిగితే తగ్గింది. ఆ రోజు నాకు ఇది తట్టలేదు. ఐదేళ్ల తర్వాత రెండోది పుట్టాక, మా ఆవిడ ఉద్యోగం మానేసే రోజున తట్టింది.

ఆవిడే ఎందుకు మానేసింది అంటే, ఇద్దరం కూర్చుని లెక్కేశాం. నా జీతం ఎక్కువ. కాబట్టి తనే మానేయడం "తెలివైన" పని. నా జీతం ఎందుకు ఎక్కువైందో పైన రాశాను.

లెక్క_తేలాలి | రాత్రి 11:05

నాన్నగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. డెన్మార్క్‌లో జనం జీతాల రికార్డులన్నీ తీసి ఒక పటం గీశారు. మొదటి బిడ్డ పుట్టేవరకూ ఆడవాళ్ల, మగవాళ్ల సంపాదన గీతలు కలిసి నడుస్తాయి. పుట్టగానే ఆడవాళ్ల గీత ఠక్కున పడుతుంది, పడ్డది మళ్లీ లేవదు. దీర్ఘకాలంలో 20 శాతం దగ్గర నిలుస్తుంది. మగవాళ్ల గీతకి బిడ్డ పుట్టిన సంగతే తెలియదు. సెలవులు, క్రెష్‌లు అన్నీ ఉన్న దేశం అది!

క్లాడియా గోల్డిన్‌కి 2023లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఇలాంటి పనికే. ఆవిడ చెప్పే పాయింటు నాకు బాగా నచ్చుతుంది. కొన్ని ఉద్యోగాల్లో వారానికి 60 గంటలు, ఎప్పుడు ఫోన్ చేస్తే అప్పుడు రెడీగా ఉండేవాడికి, 30 గంటలు చేసేవారికంటే రెట్టింపు కాదు, అంతకంటే బాగా ఎక్కువ ఇస్తారు. ఇంట్లో ఇద్దరూ అలాంటి ఉద్యోగం చేస్తే పిల్లకి జ్వరమొచ్చినప్పుడు ఎవరు పరిగెత్తాలి? ఒకరు ఆ డబ్బు వైపు వెళ్తారు, ఒకరు స్కూలు నుంచి ఫోనొస్తే వెళ్లగలిగే ఉద్యోగం చూసుకుంటారు. ఆ రెండో మనిషి దాదాపు ఎప్పుడూ తల్లే. అదే ఫార్మసిస్టుల్లో తేడా చాలా తక్కువట. ఒకరి బదులు ఇంకొకరు కౌంటర్ దగ్గర నిలబడితే మందుల చీటీకి పట్టింపేమీ లేదు, గంటకి ఇంతని లెక్క, అయిపోయింది. కాబట్టి సమస్యలో పెద్ద భాగం పనిని అమర్చిన తీరులో ఉంది. దుర్మార్గుడైన బాసు కోసం వెతికితే చాలాసార్లు దొరకడు.

సూటిగా | రాత్రి 11:20

నాన్నగారి లెక్క మా ఇంట్లో కూడా వేశాం. నేనింక ఇవాళ్టికి ఏం మాట్లాడను.

పేరోల్_పక్షి | బుధవారం, ఉదయం 6:30

పాతికేళ్లు హెచ్‌ఆర్, పేరోల్‌లో పనిచేసి మానేశాను. మీరంతా దేశాలు తిరుగుతున్నారు, రాత్రి_కాఫీ అడిగింది మాత్రం ప్రింటర్ ట్రే గురించి. ఆ 18 శాతం ఎలా వచ్చి ఉంటుందో చెప్తాను, ఎందుకంటే అలాంటి షీట్లు నేను వందలు చేశాను.

ఆఫర్ తయారుచేసే ఎక్సెల్‌లో మొదట అడిగేది "ప్రస్తుత జీతం". దాని మీద ఇంత శాతం అని పెంచుతాం. ఒకరు 100తో వచ్చారు, ఇంకొకరు 110తో వచ్చారు అనుకోండి. ఇద్దరికీ ఏటా 8 శాతమే పెంచాం, ఎవరికీ అన్యాయం చేయలేదు. పదేళ్లకి ఒకరిది 216, ఇంకొకరిది 237. పది తేడా ఇరవై ఒకటైంది, ఎవరూ ఏమీ చేయకుండానే. మొదటి కంపెనీలో ఎవరో తక్కువ ఇచ్చిన పాపం జీవితాంతం వెంట వస్తుంది. అందుకే అమెరికాలో కాలిఫోర్నియా, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో 2018 నుంచి పాత జీతం అడగకూడదని చట్టం చేశారు. యూరోపియన్ యూనియన్‌వాళ్లు 2023లో చేసిన డైరెక్టివ్‌లో, అంటే సభ్య దేశాలు అమలు చేయాల్సిన ఆదేశంలో, కూడా అది పెట్టారు.

రెండోది కౌంటర్ ఆఫర్. ఎవరైనా బయటి ఆఫర్ లెటర్ తెచ్చి టేబుల్ మీద పెడితే ఎక్కడలేని బడ్జెట్ పుట్టుకొచ్చేది. తెచ్చినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే, ఎందుకంటే నిజంగా ఊరు మారమంటే వాళ్లు మారగలరు. "ఆవిడ ఎక్కడికీ పోదులే, భర్త ఉద్యోగం ఇక్కడే" అన్న మాట మీటింగుల్లో నా చెవులతో విన్నాను. నేనూ తలూపాను. దానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఇక జీతాలు బయటికి చెప్పుకోవద్దని అంత గట్టిగా ఎందుకు అంటారంటే, చెప్పుకుంటే ఈ రెండూ బయటపడతాయి. అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్ అని ఒకావిడ, టైర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. 1979లో చేరింది. తనతో సమానమైన మగవాళ్ల జీతాలు దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో పేరు రాయకుండా పెట్టిన చీటీ వల్ల తెలిశాయి. కోర్టుకెళ్తే 2007లో సుప్రీం కోర్టు, నిర్ణయం జరిగిన 180 రోజుల్లో ఫిర్యాదు చేయాల్సింది, ఆలస్యమైంది పొమ్మంది. తెలియని దానికి ఫిర్యాదు ఎలా చేస్తారో మరి! చట్టం మార్చడానికి 2009 దాకా పట్టింది, ఆవిడ పేరుతోనే వచ్చింది, ఆవిడకి మాత్రం దాంతో పైసా రాలేదు.

కాబట్టి అమ్మా, ప్రింటర్ సంగతి ఎక్కడా ఎత్తకు. ఆ అబ్బాయి పేరు అసలే ఎత్తకు. "నా గ్రేడుకి బ్యాండు ఎంత, అందులో నేను ఎక్కడున్నాను, నా కంపా రేషియో ఎంత" అని మెయిల్‌లో అడుగు. బ్యాండు అంటే ఆ గ్రేడుకి ఇంత నుంచి ఇంత దాకా అని పెట్టుకున్న జీతం హద్దులు, దాని మధ్య అంకెకి నీ జీతం ఎంత శాతమో చెప్పేదే కంపా రేషియో. ఈ మాట వాడితే హెచ్‌ఆర్‌వాళ్లు నిటారుగా కూర్చుంటారు. నోటితో అడిగితే "మనసులో ఉంది" అంటారు, మెయిల్‌కి ఆ జవాబు రాయలేరు.

మేస్త్రీ_గారబ్బాయి | ఉదయం 8:05

పక్షి గారూ, సెల్యూట్. ఒక డౌట్. జీతాలన్నీ బయటపెడితే తేడా తగ్గుతుందా నిజంగా?

లెక్క_తేలాలి | ఉదయం 8:30

కొంత తగ్గుతుంది. డెన్మార్క్‌లో 2006లో ఒక పరిమాణం దాటిన కంపెనీలు ఆడామగా జీతాల లెక్కలు చెప్పాలన్నారు. తేడా తగ్గింది, కానీ ఎక్కువగా మగవాళ్ల పెరుగుదల నెమ్మదించడం వల్ల. సూటిగా గారికి ఇది నచ్చదని తెలుసు. ఐస్‌లాండ్ ఇంకో అడుగు వేసింది, 25 మంది, ఆపైన ఉన్న సంస్థలు సమాన జీతమే ఇస్తున్నామని తామే రుజువు చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలని 2018లో చట్టం అమల్లోకి తెచ్చింది. అక్కడ 1975 అక్టోబరు 24న దేశంలో 90 శాతం ఆడవాళ్లు ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ ఆపేసి వీధుల్లోకి వచ్చారు. ఆ రోజు తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి వెళ్లారట.

సూటిగా | ఉదయం 8:41

అంటే అందరికీ సమానంగా తగ్గించడం. గొప్ప పరిష్కారం.

మోడరేటర్ | ఉదయం 9:00

రెండు వ్యాఖ్యలు తీసేశాను. వాదించుకోండి, ఇంట్లోవాళ్ల జోలికి పోకండి.

రాత్రి_కాఫీ | 23 రోజుల తర్వాత, రాత్రి 11:10

అందరికీ నమస్తే, ఆలస్యానికి సారీ. పక్షి గారు చెప్పినట్టే మెయిల్ పెట్టాను. నాలుగు రోజులు జవాబు లేదు. మళ్లీ పెట్టాను, ఈసారి మేనేజర్‌ని కాపీలో పెట్టి. అప్పుడు పిలిచారు. నా కంపా రేషియో 0.82 అట, అంటే బ్యాండు మధ్య అంకెలో 82 శాతమే. చెప్తున్నప్పుడు హెచ్‌ఆర్ అమ్మాయి నా వైపు చూడకుండా స్క్రీన్ వైపే చూసింది. ఇంతకాలం ఎవరూ గమనించలేదా అంటే "సిస్టంలో ఫ్లాగ్ రాలేదు" అంది. 9 శాతం ఇప్పుడు, మిగతాది వచ్చే అప్రైజల్‌లో చూస్తాం అన్నారు. లెటర్ వచ్చింది. సగం దారే, కానీ కాగితం మీద ఉంది.

ఆ కుర్రాడితో కూడా మాట్లాడాను, ప్రింటర్ సంగతి చెప్పకుండా, నాది ఇంత అని నేనే ముందు చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. "అక్కా, నాకు తెలియదు, ఇక్కడ చేరేటప్పుడు మా కజిన్ ఇంతకి తగ్గకు అని ఒక అంకె చెప్పాడు, అదే అడిగాను" అన్నాడు. నాకు అంకె చెప్పే కజిన్ ఎవరూ లేరు మరి.

ఇంకో సంగతి. మా టీమ్‌లోకి కొత్తగా ఒకమ్మాయిని తీసుకుంటున్నాం, ఇంటర్వ్యూ నేనే చేశాను. చాలా బాగా చెప్పింది. హెచ్‌ఆర్‌కి పంపే ఫారంలో "ప్రస్తుత జీతం" గడి ఖాళీగా వదిలేశాను. అది తప్పనిసరి, నింపకపోతే ముందుకు పోదు అని సాయంత్రం తిరిగి పంపారు.

పేరోల్_పక్షి | రాత్రి 11:26

సున్నా వెయ్యమ్మా. సిస్టం తీసుకుంటుంది.